రసీదు లేకపోయినా 20 డాలర్లు: కెనడాలో చవక ర్యామ్ కథ

ఇది ఈ వారం ఎపిసోడ్‌కి రాత రూపం. షిఫ్టులో ఇయర్‌ఫోన్లు పెట్టుకోనివ్వరు, బస్సులో చదువుకుంటాం అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి, మాట్లాడినదాన్ని కాస్త సర్ది, చెవికి పట్టని లెక్కలు కొన్ని చేర్చి ఇక్కడ పెడుతున్నాం.

ఈసారి విషయం ర్యామ్. అంటే కంప్యూటర్ మెమరీ. బ్రాంప్టన్ నుంచీ, ఎడ్మంటన్ నుంచీ, అటు దోహా, దుబాయ్ నుంచీ కూడా మాకొచ్చే ప్రశ్న ఇంచుమించు ఒకటే. "ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న లాప్‌టాప్ నత్తలా నడుస్తోంది. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఒక ర్యామ్ స్టిక్ చవగ్గా కనబడింది. కొనొచ్చా? నా దాంట్లో పడుతుందా?" ప్రశ్న చిన్నదే గానీ అందులో రెండు ప్రశ్నలున్నాయి. ధర ఎందుకు అలా ఉంది అన్నది ఒకటి, అది మన మెషిన్‌లో పడుతుందా అన్నది రెండోది. రెండింటికీ యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ధర కథలో ఒక ముఖ్యమైన మలుపు తిరిగింది ఈ కెనడా కోర్టుల్లోనే. అందులో గెలిచింది ఏ పెద్ద కంపెనీయో కాదు, షాపులో కంప్యూటర్ కొనుక్కున్న మామూలు మనిషి.

ముందు చిప్ పుట్టుక సంగతి. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ అనే ఇంజనీరు, ఒక్క ట్రాన్సిస్టర్‌తో ఒక్క బిట్‌ని దాచే పద్ధతి కనిపెట్టి 1968లో పేటెంట్ పొందాడు. దాచిన విద్యుత్తు కారిపోతూ ఉంటుంది కాబట్టి క్షణక్షణం మళ్లీ నింపుతూ ఉండాలి. చిల్లు కుండలో నీళ్లు పోస్తున్నట్టే. అందుకే దానికి 'డైనమిక్' ర్యామ్, పొట్టిగా డీర్యామ్ అని పేరు. 1970లో ఇంటెల్ 1103 అనే చిప్ మార్కెట్‌లోకి తెచ్చింది. అందులో పట్టేది 1024 బిట్లు. ఈ పేరా కూడా అందులో పూర్తిగా పట్టదు.

అప్పటికి ఇంటెల్ చిన్న కంపెనీ. డబ్బు కావాలి. 1103 తయారు చేసే పద్ధతిని రుసుము తీసుకుని ఒక కెనడా కంపెనీకి నేర్పింది. ఆ కంపెనీ ఒట్టావాలోని మైక్రోసిస్టమ్స్ ఇంటర్నేషనల్, నార్తర్న్ ఎలక్ట్రిక్‌కి పిల్ల కంపెనీ. అది ఎక్కువ కాలం నిలబడలేదు, 1975లో మూతపడింది. అయితే అందులో పనిచేసినవాళ్లు ఊరికే కూర్చోలేదు. డిక్ ఫాస్, రాబర్ట్ హార్లండ్ అనే ఇద్దరు ఇంజనీర్లు అదే 1975లో ఒట్టావాలో మొసాయిడ్ అనే సంస్థ పెట్టారు. వాళ్లకి ఫ్యాక్టరీ లేదు. ఇతరుల మెమరీ చిప్‌లు విప్పి, లోపల సర్క్యూట్ ఎలా గీశారో పరిశీలించి, ఆ రిపోర్టులు చిప్ కంపెనీలకే అమ్మేవాళ్లు. తర్వాత తామే డిజైన్లు చేసి పేటెంట్లు సంపాదించారు. 2001లో శామ్‌సంగ్ మీద కేసు కూడా వేశారు, అది 2005లో రాజీతో ముగిసింది. చిప్‌లు ఆసియాలో తయారవుతున్నా, వాటి లోపలి గీతల్లో కొన్ని ఒట్టావా గీతలేనన్నమాట.

ఇక ధర. మెమరీ బియ్యం లాంటి సరుకు. ఏ కంపెనీ చేసినా ఒకే కొలత, ఒకే పని. ఫ్యాక్టరీ కట్టడానికి ఏళ్లు పడుతుంది, వేల కోట్లు కావాలి. అందుకని కొరత వస్తే ధర ఆకాశానికి, సరుకు ఎక్కువైతే పాతాళానికి. 1985లో జపాన్ కంపెనీల ధరల పోటీ తట్టుకోలేక ఇంటెలే డీర్యామ్ వదిలేసింది. 1986లో అమెరికా, జపాన్ ఒప్పందం చేసుకున్నాయి, ఆ తర్వాత కొరత వచ్చింది. ఆ కొరతలో పుట్టిందే కింగ్‌స్టన్. 1987లో కాలిఫోర్నియాలో జాన్ టు, డేవిడ్ సన్ అనే ఇద్దరు వలసదారులు పెట్టారు. (మన ఆంటారియోలో ఉన్న కింగ్‌స్టన్ ఊరికీ దానికీ సంబంధం లేదు. అడిగినవాళ్లున్నారు.) 1993 జూలై 4న జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ ప్లాంటులో పేలుడు జరిగింది. చిప్‌ల పైన పోసే నల్లటి జిగురుకి కావలసిన రెజిన్, ప్రపంచంలో సగానికి పైగా అక్కడే తయారయ్యేది. అంతే, కొన్ని వారాల్లోనే మెమరీ రేట్లు ఎగబాకాయి. 1996కి సరుకు వెల్లువై మళ్లీ దభేల్‌మని పడ్డాయి.

ఇంతవరకూ ప్రమాదాలు, కొరతలు. ఎవరినీ తప్పుపట్టలేం. తర్వాత జరిగింది మాత్రం వేరు.

1999 ఏప్రిల్ నుంచి 2002 జూన్ దాకా పెద్ద డీర్యామ్ కంపెనీలు లోపాయికారీగా మాట్లాడుకుని ధరలు నిర్ణయించాయి. పైకి పోటీదారులు, ఫోన్లో మాత్రం "మేం ఈ రేటు చెబుతున్నాం, మీరెంత?" అని ఒకరికొకరు సమాచారం. డెల్, కంపాక్, హెచ్‌పీ, ఆపిల్, ఐబీఎం, గేట్‌వే లాంటి కంప్యూటర్ కంపెనీలు ఎక్కడికెళ్లి బేరమాడినా అదే గోడ. 2002లో అమెరికా న్యాయశాఖ దర్యాప్తు మొదలుపెట్టింది. మైక్రాన్ దర్యాప్తుకి సహకరించి శిక్ష తప్పించుకుంది. మిగతావాళ్లు నేరం ఒప్పుకున్నారు: 2004లో ఇన్ఫినియాన్ 160 మిలియన్ డాలర్లు, 2005లో హైనిక్స్ 185 మిలియన్లు, అదే ఏడాది శామ్‌సంగ్ 300 మిలియన్లు, 2006లో ఎల్పీడా 84 మిలియన్లు జరిమానా కట్టాయి. కొందరు అధికారులు జైలుకీ వెళ్లారు. 2010లో యూరప్ కమిషన్ విడిగా 331 మిలియన్ యూరోల జరిమానాలు వేసింది.

జరిమానా ప్రభుత్వానికి వెళ్తుంది. మరి ఎక్కువ ధర కట్టిందెవరు? ఇక్కడే అసలు చిక్కు. శామ్‌సంగ్ డెల్‌కి అమ్మింది. డెల్ ఆ భారాన్ని కంప్యూటర్ ధరలో కలిపి మనకి అమ్మింది. మనం వెళ్లి అడిగితే శామ్‌సంగ్ చెప్పే జవాబు సిద్ధంగా ఉంటుంది: "నువ్వు మా దగ్గర కొనలేదు కదా." అమెరికా సుప్రీం కోర్టు 1977లోనే ఇలినాయ్ బ్రిక్ కేసులో, ఫెడరల్ చట్టం కింద నేరుగా కొన్నవాడు తప్ప చివర కొన్నవాడు నష్టపరిహారం అడగడానికి లేదని తేల్చింది. తర్వాత కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలతో దారి తీశాయనుకోండి, అది వేరే కథ. గొలుసులో అందరికంటే చివర ఉన్నవాడి జేబులోంచే డబ్బు పోయింది, అడిగే హక్కు మాత్రం అతనికి లేదు. మన ఊళ్లలో మిర్చి రైతుకీ కొనేవాడికీ మధ్య నలుగురు ఉంటే ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు.

కెనడాలో ఇదే ప్రశ్న బ్రిటిష్ కొలంబియాలోనూ, క్విబెక్‌లోనూ కోర్టుకెక్కింది. బీసీలో ప్రో-సిస్ కన్సల్టెంట్స్ అనే చిన్న కంపెనీ, కంప్యూటర్లు కొన్న అందరి తరఫునా ఇన్ఫినియాన్ తదితరుల మీద క్లాస్ యాక్షన్ వేసింది. క్లాస్ యాక్షన్ అంటే ఒకరు ముందు నిలబడి, ఒకే నష్టం జరిగిన వేలమంది తరఫున వేసే దావా. 2008లో కింది కోర్టు కుదరదంది. ఎవరికి ఎంత భారం చేరిందో ఎలా లెక్క కడతారు అని వాళ్ల సందేహం. 2009లో అప్పీల్ కోర్టు దాన్ని తిరగ్గొట్టి, దావా నడవొచ్చంది.

క్విబెక్‌లో ఆప్షన్ కన్సొమేటర్ అనే వినియోగదారుల సంఘం దావా వేసింది. వాళ్లు ముందు పెట్టింది మాంట్రియల్‌లో ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో డెల్ కంప్యూటర్ ఆర్డర్ పెట్టిన ఒక మామూలు కొనుగోలుదారుని. చిప్ కంపెనీలు రెండు వాదనలు తెచ్చాయి. కుట్ర క్విబెక్‌లో జరగలేదు కాబట్టి ఇక్కడి కోర్టుకి అధికారం లేదు, ఈవిడ మా దగ్గర కొనలేదు కాబట్టి ఈవిడకి హక్కు లేదు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2013 అక్టోబర్ 31న తీర్పొచ్చింది. రెండు వాదనలూ నిలబడలేదు. కుట్ర ఎక్కడ జరిగినా నష్టం తగిలింది ఇక్కడ, కాబట్టి విచారణ ఇక్కడే. చివర కొన్నవాళ్లు కూడా దావా వేయొచ్చు. అదే రోజు మైక్రోసాఫ్ట్ మీద ప్రో-సిస్ వేసిన ఇంకో కేసులోనూ ఇదే సూత్రం చెప్పి, దేశమంతటికీ వర్తించేలా చేశారు. కుట్ర చేసినవాళ్లు సముద్రాలవతల ఉన్నా నష్టపోయినవాడు తన ఊరి కోర్టులోనే నిలబడి అడగొచ్చు అన్నమాట మనలాంటివాళ్లకి చిన్నదేమీ కాదు.

చివరికి కంపెనీలన్నీ కలిపి దాదాపు 80 మిలియన్ డాలర్లకి రాజీకొచ్చాయి. 1999 ఏప్రిల్ 1 నుంచి 2002 జూన్ 30 మధ్య కెనడాలో డీర్యామ్ గానీ, డీర్యామ్ ఉన్న వస్తువు గానీ కొన్నవాళ్లు అర్హులు. కంప్యూటర్ ఒక్కటే కాదు, ప్రింటర్, వీడియో గేమ్ పెట్టె లాంటివి కూడా లెక్కలోకొచ్చాయి. 2015 జూన్ 23 ఆఖరు తేదీ. రసీదు లేకపోయినా ఫారం నింపితే కనీసం 20 డాలర్లు.

ఆ 'రసీదు లేకపోయినా' అన్నది చిన్న మాటగా తీసిపారేయకండి. పదమూడు పదిహేనేళ్ల కిందటి బిల్లు ఎవరి దగ్గరుంటుంది? ఆఫీసు పెట్టుకున్నవాడి దగ్గరుంటుంది. ఆర్నెల్లకోసారి బేస్‌మెంట్ గది మారే మనిషి దగ్గర ఎందుకుంటుంది? అప్పట్లో టొరంటోలో కాలేజ్ స్ట్రీట్, స్పడైనా మూల వరసగా కంప్యూటర్ షాపులుండేవి. మన సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ గుర్తొచ్చేలా. అలాంటి చోట నగదిచ్చి ర్యామ్ స్టిక్ జేబులో వేసుకుని వెళ్లినవాడు బిల్లు దాచుకుంటాడని ఆశించడం అన్యాయం. రసీదు తప్పనిసరి చేసి ఉంటే ఈ డబ్బు పెద్ద కొనుగోలుదారులకే పోయేది. అయితే 20 డాలర్లు నష్టానికి సరైన కొలతా అంటే కాదనే నా అభిప్రాయం. ఎక్కువ మెషిన్లు కొన్నవాడికి వివరాలతో ఎక్కువ అడిగే వీలుంది, నిజమే. కానీ అసలు ఇలాంటి దావా ఒకటుందని తెలిస్తే కదా అడిగేది. ప్రకటనలు వచ్చింది ఇంగ్లీష్, ఫ్రెంచ్ పత్రికల్లో. 2000లో వచ్చి, కంప్యూటర్ కొని, 2015 నాటికి అమెరికాకో హైదరాబాద్‌కో వెళ్లిపోయినవాళ్లు ఆ కబురు ఎక్కడ వింటారు?

ఇలాంటివి ఇక్కడ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. బ్రెడ్ ధరల వ్యవహారంలో లోబ్లా సంస్థ 2017 చివర్లో 25 డాలర్ల కార్డులు ఇస్తామన్నది గుర్తుండే ఉంటుంది. కాబట్టి క్లాస్ యాక్షన్ అని ఎక్కడైనా కనబడితే స్పామ్ అని వెంటనే చెరిపేయకుండా, నిజమైనదో కాదో చూసి, ఆఖరు తేదీ రాసిపెట్టుకోండి. కానీ ఫారం నింపడానికి ముందుగా డబ్బు కట్టమంటే మాత్రం అది మోసమే.

సరే, ఇక రెండో ప్రశ్న. పడుతుందా?

మొదట్లో మెమరీ చిప్‌లను బోర్డు మీద ఒక్కొక్కటిగా గుచ్చేవాళ్లు. తర్వాత చిన్న పట్టీ మీద అతికించి అమ్మడం మొదలైంది. దాన్ని సిమ్ అనేవాళ్లు (ఫోన్ సిమ్ కాదు), 30 పిన్నులది, తర్వాత 72 పిన్నులది. తొంభైల చివర 168 పిన్నుల డిమ్ వచ్చింది. ఈ కొలతలన్నీ నిర్ణయించేది జెడెక్ అనే పరిశ్రమల సంఘం. పోటీ కంపెనీల ఇంజనీర్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒకే కొలతకి ఒప్పుకోవడం వల్లే కొరియా స్టిక్, తైవాన్ బోర్డులో పడుతోంది. అదే కంపెనీల సేల్స్ వాళ్లు రహస్యంగా మాట్లాడుకున్నందుకు జైలుకెళ్లారు. మాట్లాడుకోవడం అన్నిసార్లూ నేరం కాదన్నమాట, దేని గురించి అన్నదే తేడా.

కుట్ర నడిచిన ఆ ఏళ్లలోనే ఇంకో గొడవ జరిగింది. ఇంటెల్, రాంబస్ అనే కంపెనీ మెమరీని నెత్తికెత్తుకుంది. 2000 నవంబర్‌లో పెంటియమ్ 4 వచ్చినప్పుడు దానితో పనిచేసేది రాంబస్ మెమరీ ఒక్కటే. ఖరీదెక్కువ. పైగా ఖాళీ స్లాట్లని ఖాళీగా వదలకూడదు, అందులో చిప్‌లు లేని ఉత్తుత్తి పట్టీ ఒకటి పెట్టాలి, లేకపోతే మెషిన్ లేవదు. దానికి 184 పిన్నులు. అప్పుడే వచ్చిన డీడీఆర్‌కీ 184 పిన్నులే. కానీ ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు. పిన్నులు లెక్కపెట్టి కొన్నవాడికి డబ్బు దండగ. చివరికి చవక డీడీఆరే గెలిచింది, ఈ రోజు మనం వాడేవన్నీ దాని సంతానమే.

సంతానమే గానీ ఒకరి చొక్కా ఒకరికి పట్టదు. డీడీఆర్ 2కీ డీడీఆర్ 3కీ డెస్క్‌టాప్‌లో 240 పిన్నులే, డీడీఆర్ 4కీ డీడీఆర్ 5కీ 288 పిన్నులే. కానీ వోల్టేజీ వేరు: 1.8, 1.5, 1.2, 1.1, తరం మారిన కొద్దీ తగ్గుతూ వచ్చింది. పాత వోల్టేజీ కొత్త చిప్‌కి తగిలితే మాడిపోతుంది కాబట్టి, తప్పు స్టిక్ దిగకుండా కింద ఉన్న గాటు చోటు ప్రతి తరానికీ జరిపారు. అందుకే మొదటి సూత్రం ఇది: గాటు కుదరకపోతే బలవంతంగా నొక్కకండి. లాప్‌టాప్‌ది పొట్టి స్టిక్, డెస్క్‌టాప్‌ది పొడుగుది. లాప్‌టాప్ డీడీఆర్ 3కి 204 పిన్నులు, డీడీఆర్ 4కి 260, డీడీఆర్ 5కి 262. డీడీఆర్ 3 రోజుల చివరి లాప్‌టాప్‌లలో చాలావాటికి 1.35 వోల్టుల 'ఎల్' రకమే కావాలి. లేబుల్ మీద పీసీ3 అని కాక పీసీ3ఎల్ అని ఉంటుంది. గాటు మాత్రం రెండింటికీ ఒకటే, కాబట్టి కన్ను మోసపోతుంది, లేబుల్ చదవాల్సిందే.

లేబుల్ మీద పెద్ద అంకె చూసి కంగారుపడొద్దు. పీసీ3-12800 అంటే 1600ని 8తో గుణించింది, అంతే. పీసీ4-25600 అంటే 3200 వేగం. వేరే వేరే వేగాలవి కలిపితే మామూలుగా రెండూ తక్కువ వేగంతో నడుస్తాయి, పాడైపోవు.

గాటు కుదిరినా పనిచేయనివి ఉన్నాయి, చవక బేరాల్లో దెబ్బ తగిలేది అక్కడే. 2000ల మధ్యలో ఈబేలో 1 జీబీ డీడీఆర్ స్టిక్కులు నమ్మలేనంత తక్కువకి దొరికేవి. 'హై డెన్సిటీ' అని ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసేవాళ్లు. వాటిలో చిప్‌ల అమరిక వేరు, ఇంటెల్ చిప్‌సెట్లు వాటిని సరిగా గుర్తించేవి కావు. తర్వాత డీడీఆర్ 2లో 'ఏఎండీకి మాత్రమే' అన్న 4 జీబీ స్టిక్కులు ఇదే బాపతు. స్టిక్ చెడ్డది కాదు, మన బోర్డుకి అది అర్థం కాదు, అంతే. ఇప్పటి రకం మోసం సర్వర్ మెమరీ. డేటా సెంటర్లు పాత మెషిన్లు తీసేసినప్పుడు 'రిజిస్టర్డ్ ఈసీసీ' స్టిక్కులు గుట్టలుగా బయటికొస్తాయి, అందుకే చవక. డీడీఆర్ 4లో అవి మామూలు డెస్క్‌టాప్ స్లాట్‌లో చక్కగా దిగుతాయి, మెషిన్ మాత్రం లేవదు. డీడీఆర్ 5లో గాటు మార్చి ఆ చిక్కు తీర్చారు. ప్రకటనలో 'సర్వర్', 'ఆర్‌డిమ్' అన్న మాట కనబడితే ఆ బేరం మనది కాదు.

కొనే ముందు చేయాల్సింది పది నిమిషాల పని. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే వేగం, ఎన్ని స్లాట్లు ఉన్నాయి, ఎన్ని నిండాయి అన్నది చూపిస్తుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తరం, స్టిక్ తయారీదారు కూడా తెలుస్తుంది. తర్వాత లాప్‌టాప్ వెనకాల మోడల్ నంబరుతో తయారీదారు మాన్యువల్ చూసి, గరిష్ఠంగా ఎంత పడుతుందో చూడండి. సన్నటి మోడళ్లలో చాలావాటికి మెమరీ బోర్డుకే అతికించి ఉంటుంది, స్లాటే ఉండదు. అది తెలుసుకోకుండా స్టిక్ కొంటే దాన్ని మళ్లీ అమ్ముకోవడమే మిగులుతుంది. మార్కెట్‌ప్లేస్‌లో కొంటుంటే లేబుల్ స్పష్టంగా కనబడే ఫోటో అడగండి. ఫోటో ఇవ్వనివాడి దగ్గర కొనకండి. షాపులో అయితే తిరిగిస్తే తీసుకుంటారా అని ముందే అడగండి, ఆంటారియోలో 13 శాతం పన్ను కలిపే ధర లెక్కేసుకోండి. ఇంటికి తెచ్చాక మెమ్‌టెస్ట్86ని రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు చూపించినా వెనక్కిచ్చేయండి.

ఈ దేశానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. చలికాలంలో హీటర్ వల్ల ఇంట్లో గాలి ఎండిపోతుంది. కార్పెట్ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమంటుంది కదా, ఆ చిటుకు చాలు చిప్ పోవడానికి. రాజమండ్రి ఉక్కపోతలో ఎవరూ దీని గురించి చెప్పి ఉండరు. ఛార్జర్ తీసేసి, వీలైతే బ్యాటరీ కూడా విప్పి, కార్పెట్ లేని చోట కూర్చుని, ముందు ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకుని అప్పుడు స్టిక్ పట్టుకోండి. అదీ అంచుల దగ్గరే.

ధర సంగతి మళ్లీ మారుతోంది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ రేట్లు మళ్లీ పెరిగాయి. డిసెంబర్‌లో మైక్రాన్, తన క్రూషియల్ బ్రాండుతో మామూలు కొనుగోలుదారులకి అమ్మే వ్యాపారం మానేస్తున్నామని, 2026 ఫిబ్రవరి వరకే సరుకు పంపుతామని ప్రకటించింది. మోడల్ నంబర్ ఇస్తే ఏ స్టిక్ పడుతుందో చెప్పే సదుపాయంతో ఎంతోమందికి అలవాటైన పేరు అది. ఇక డీర్యామ్‌లో అధిక భాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ చేతుల్లోనే ఉంది. ఇప్పటి పెరుగుదల కుట్ర అని నేననడం లేదు, గిరాకీ నిజంగానే ఉంది. కాకపోతే ఇప్పుడు కొనేవాళ్లు రసీదు ఫోటో తీసి ఈమెయిల్‌లో ఒక చోట పడేసుకోండి. ఫోన్ మారినా అది పోదు.

మీ లాప్‌టాప్ మోడల్ నంబరూ, పాత స్టిక్ లేబుల్ ఫోటో పంపితే వచ్చే ఎపిసోడ్ చివర కొన్నిటికి జవాబు చెబుతాం. సీరియల్ నంబరు మీద వేలు పెట్టి ఫోటో తీయండి.